సీసపు పలకలు

మార్కాపురం పేరు వినగానే పలక గుర్తుకు వస్తుంది. నల్లని రాతిపొరలను చీల్చి, అంచులు చెక్కి, చెక్క చట్రంలో బిగించిన ఆ పలకల మీద ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారు. నేడు ఆ ఊరి ఇళ్లలోనూ, గిద్దలూరు, కంభం, పొదిలి అంగళ్లలోనూ మరొక రకం పలకలు చోటు చేసుకున్నాయి. అవి కంటికి కనిపించవు. గది మూలనో, మెట్ల కిందనో ఉంచిన నల్లని పెట్టెలో, ఆమ్లంలో మునిగి నిలబడి ఉంటాయి. కరెంటు పోయిన మరుక్షణం పంకా ఆగకుండా, దీపం ఆరకుండా కాపాడేవి ఆ సీసపు పలకలే.

రాతిపలకకూ సీసపు పలకకూ ఒక పోలిక ఉన్నది. రాతిపలక మీద వ్రాసినది వెంటనే తుడిస్తే పోతుంది. సీసపు పలక కూడా అంతే. మనం విద్యుత్తును వాడుకొన్న ప్రతిసారీ దాని మీద ఒక తెల్లని పూత ఏర్పడుతుంది. తిరిగి చార్జి చేసినపుడు ఆ పూత చెరిగిపోతుంది. వెంటనే చెరపక రోజుల తరబడి వదిలివేస్తే అది గట్టిపడి, ఇక ఎంత ప్రయత్నించినా పోదు. ఒక బ్యాటరీ నాలుగైదు సంవత్సరాలు మన్నుతుందా, ఏడాదికే మూలపడుతుందా అన్నది చాలావరకు ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. ‘బ్యాటరీ చచ్చిపోయింది’ అని అంటూ ఉంటాము. పెక్కు సందర్భాలలో మనమే చంపామనడం న్యాయం.

ఈ పలకల కథ 1859లో ఫ్రాన్సు దేశంలో మొదలయింది. గాస్టన్ ప్లాంటే అనే భౌతిక శాస్త్రవేత్త రెండు సీసపు రేకుల నడుమ రబ్బరు పట్టీలు ఉంచి, వాటిని చుట్టగా చుట్టి, గంధకికామ్లం కలిపిన నీటిలో ముంచాడు. ఈ ఆమ్లాన్నే మీరు రసాయనశాస్త్రంలో సల్ఫ్యూరిక్ ఆమ్లమని చదువుకొన్నారు. ఆ రేకులకు విద్యుత్తును అందిస్తే అవి నిలవ చేసుకొన్నాయి. అడిగినపుడు తిరిగి ఇచ్చాయి. అంతకు ముందు ఉన్న ఘటాలు ఒకసారి అయిపోతే అయిపోయినట్లే. మరల నింపుకొనగల ఘటం లోకానికి అదే మొదటిది. అయితే ప్లాంటే ఒక విశేషాన్ని గమనించాడు. కొత్త రేకులు మొదట చాలా కొద్ది విద్యుత్తునే దాచుకొనేవి. నింపుతూ, ఖాళీ చేస్తూ పోగా పోగా వాటి శక్తి పెరిగేది. ఈ సాధనకు ఎంతో కాలం పట్టేది. 1881లో కామిల్ ఫోర్ అనే మరొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు ఆక్సైడ్ల ముద్దను పలకలకు పూసే పద్ధతిని కనుగొని ఆ కష్టాన్ని తగ్గించాడు. నేటి బ్యాటరీ పలకలకు మూలం ఆ పూతే. మన రాష్ట్రంలో 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమర రాజా సంస్థ తిరుపతి సమీపంలోని కరకంబాడిలో చేపట్టినదీ ఇటువంటి సీసపు బ్యాటరీల తయారీయే.

లోపల జరిగేది సంక్లిష్టమేమీ కాదు. ధన ఫలకం మీద సీసపు డయాక్సైడ్ ఉంటుంది. దాని రంగు ముదురు గోధుమ. రుణ ఫలకం మీద గుల్లగా, స్పంజివలె ఉండే సీసం ఉంటుంది. విద్యుత్తును వాడుకొన్నపుడు ఆమ్లంలోని గంధకపు భాగం రెండు పలకలకూ అంటుకొని సీసపు సల్ఫేటుగా మారుతుంది. మనం చెప్పుకొన్న తెల్లని పూత అదే. ఆమ్లం పలచబడి నీటికి దగ్గరవుతుంది. చార్జి చేసినపుడు సల్ఫేటు కరిగి గంధకం తిరిగి ద్రవంలోకి వస్తుంది, ద్రవం చిక్కబడుతుంది. అందుచేతనే ద్రవం సాంద్రతను హైడ్రోమీటరుతో కొలిస్తే బ్యాటరీ ఎంత నిండి ఉన్నదో తెలిసిపోతుంది. నిండుగా ఉన్నపుడు విశిష్ట సాంద్రత, బ్యాటరీ రకాన్ని బట్టి, 1.24 నుంచి 1.28 వరకు ఉంటుంది. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టులను ఇస్తుంది. ఆరు గదులు కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ.

గోల్ఫు మైదానాలలో ఆటగాళ్లను ఎక్కించుకొని చప్పుడు లేకుండా తిరిగే చిన్న బండ్లను మీరు చలనచిత్రాలలో చూసి ఉంటారు. పడమటి ప్రకాశంలో గోల్ఫు ఆట లేకపోయినా ఆ జాతి బండ్లు మనకు కొత్తవి కావు. తిరుమలలో వృద్ధులను చేరవేసేవి, పెద్ద రైల్వే స్టేషన్లలో నడవలేనివారిని రైలు పెట్టె దాకా తీసుకొని పోయేవి అవే. వాటిలో 6 లేదా 8 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 36 లేదా 48 వోల్టులు సమకూరుస్తారు. ఈ-రిక్షాలో సాధారణంగా 12 వోల్టులవి నాలుగు ఉంటాయి. ఇంటి ఇన్వర్టరుకు ఒకటి చాలు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. గంటల తరబడి నిలకడగా శక్తిని ఇవ్వడం వీటి పని. అందుకు తగినట్లు వీటి పలకలు దళసరిగా ఉంటాయి. మోటారు కారులోనో, ట్రాక్టరులోనో ఉండే బ్యాటరీ వేరు. ఇంజనును కదిలించడానికి కొన్ని క్షణాల పాటు మాత్రమే పెద్ద ప్రవాహాన్ని ఇచ్చేందుకు దానిలో పలుచని పలకలను ఎక్కువ సంఖ్యలో అమరుస్తారు. ఆ బ్యాటరీని తెచ్చి ఇంటి దీపాలకు తగిలిస్తే కొద్ది నెలలలోనే దాని పలకలు రాలిపోతాయి. పరుగుపందెపు గుర్రాన్ని అరకకు కట్టినట్లే అవుతుంది.

ఇక కొత్త బ్యాటరీ విషయానికి వద్దాము. దుకాణంలో కొన్నది కదా, నిండుగానే ఉంటుందని అనుకోవడం సహజం. కానీ సీసపు బ్యాటరీ వాడకుండా ఉంచినా తనంత తానే కొద్ది కొద్దిగా ఖాళీ అవుతూ ఉంటుంది. ఎండకాలంలో ఆ వేగం మరింత పెరుగుతుంది. తయారయి నెలలు గడచిన బ్యాటరీ గోదాములో కూర్చొని ఉంటే దాని పలకల మీద పూత అప్పటికే మొదలై ఉంటుంది. అందువల్ల కొనేముందు తయారీ తేదీని చూడాలి. ఇంటికి తెచ్చిన తరువాత వాడకం మొదలుపెట్టక ముందే ఒకసారి పూర్తిగా చార్జి చేయాలి. ఆ తొలి చార్జింగును మధ్యలో ఆపరాదు. కొత్త వస్తువు మీది ఉత్సాహంతో పెట్టె విప్పిన గంటలోనే పంకాలన్నీ తిప్పి చూసేవారు ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టవలసి ఉంటుంది.

ప్లాంటే గమనించిన విశేషం ఇక్కడ మనకు అక్కరకు వస్తుంది. కొత్త బ్యాటరీ మొదటి రోజునే తన పూర్తి శక్తిని చూపదు. కొన్ని పదుల సార్లు నిండి, ఖాళీ అయిన తరువాతనే పలకల మీది పదార్థం లోతుల దాకా పనిలోకి వస్తుంది. గోల్ఫు బండ్ల బ్యాటరీలను చేసేవారు తొలి వారాలలో దూరప్రయాణాలు చేయవద్దని చెప్పడానికి కారణం ఇదే. ఈ-రిక్షాను నమ్ముకొని అప్పు తీసుకొన్నవాడికి ఈ మాట రుచించకపోవచ్చు. మొదటి నెలలో కిస్తీ కట్టాలన్న తొందరలో, బండి పూర్తిగా ఆగిపోయే వరకు రోజూ తిప్పితే, ఏడాది తిరిగేసరికి నాలుగు బ్యాటరీలనూ మార్చవలసిన స్థితి రావచ్చు. ఆ నాలుగింటి ఖరీదు అతని ఎన్నో నెలల మిగులును మింగివేస్తుంది.

ఎంతవరకు వాడవచ్చునన్న దానికి ఒక చిన్న లెక్క చాలు. 12 వోల్టులు, 150 ఆంపియర్ గంటల బ్యాటరీని తీసుకొందాము. రెండింటినీ గుణిస్తే 1800 వాట్ గంటలు. సగానికి మించి ఖాళీ చేయకుండా ఉండడం దానికి మేలు. అంటే మనకు దక్కేది 900 వాట్ గంటలు. 75 వాట్ల పంకాలు రెండు, 10 వాట్ల దీపాలు రెండు నడిపితే 170 వాట్లు అవుతాయి. ఇన్వర్టరు తన కోసం కొంత తీసుకొంటుంది, 200 అనుకొందాము. నాలుగున్నర గంటలు నిశ్చింతగా గడుస్తాయి. దానికి టీవీని కూడా కలిపి, ఇన్వర్టరు అరచేదాకా లాగితే ఆ పూటకు గడుస్తుంది గాని, పలకల ఆయువు తరుగుతుంది. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి కొలిచినపుడు 12.5 నుంచి 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 దగ్గర సగం, 11.9 కంటే దిగితే దాదాపు ఖాళీ. పని చేస్తుండగానో, చార్జి అవుతుండగానో కొలిచిన అంకెను నమ్మరాదు.

నింపడానికీ ఒక పద్ధతి ఉన్నది. బ్యాటరీ పరిమాణంలో పదో వంతు ప్రవాహం, అంటే 150కి 15 ఆంపియర్లు, సామాన్యంగా తగినది. మొదట శక్తి వేగంగా లోపలికి పోతుంది. నిండే దశకు వచ్చిన కొద్దీ పలకలు స్వీకరించే వేగం తగ్గుతుంది. చివరి భాగం నింపడానికి గంటలు పడుతుంది. తొందరపడేవారు సరిగ్గా అక్కడే ఆపివేస్తారు. ముప్పాతిక నిండగానే బండి తీసుకొని పోతారు. ప్రతిరోజూ ఆ పాతిక భాగం మిగిలిపోతే, తుడవని అక్షరాలవలె ఆ మేరకు పూత గట్టిపడిపోతుంది. పైగా వాడుకొన్న దానికంటే కొంత ఎక్కువే తిరిగి ఇవ్వాలి. సుమారు పది నుంచి ఇరవై శాతం వరకు వేడి రూపంలోనూ, వాయువుల రూపంలోనూ పోతుంది. ఇక రోజుల తరబడి ఎక్కువ వోల్టేజి పెట్టి మరిగించడం కూడా హానికరమే. మంచి చార్జరు నిండిన తరువాత తనంత తానే సన్నని ప్రవాహానికి దిగుతుంది. చార్జరు కొనే చోట పొదుపు చూపి, బ్యాటరీ దగ్గర పోగొట్టుకోవడం మన ఊళ్లలో తరచుగా కనిపించే వింత.

నీటి సంగతి వేరుగా చెప్పుకోవాలి. పడమటి ప్రకాశంలో అన్నిటికంటె ముఖ్యమైనది అదే.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరిన తాలూకాలు మార్కాపురం, గిద్దలూరు. వానలు తక్కువ; బోర్లు లోతు. విజయనగర కాలం నాటి కంభం చెరువు ఉన్నప్పటికీ, వెలిగొండ నీటి కోసం ఈ ప్రాంతం దశాబ్దాల తరబడి ఎదురుచూసింది. ఇక్కడ అనేక గ్రామాలలో భూగర్భజలం గట్టినీరు. అందులో లవణాలు ఎక్కువ. పలుచోట్ల ఫ్లోరైడు కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటి ఉంటుంది. ఆ నీరు త్రాగి పండ్లు గారపట్టినవారు, ఎముకలు వంగినవారు మనకు తెలిసినవారిలోనే ఉన్నారు. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టడాన్ని ప్రతి ఇంటివారూ చూసినవారే. ఆ నీటినే బ్యాటరీలో పోస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. చార్జి అయ్యేటప్పుడు నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి పోతుంది. లవణాలు మాత్రం పోవు. మరల నీళ్లు, మరల లవణాలు. ఇలా కూడిన ఇనుము బ్యాటరీ తనంత తానే ఖాళీ అయ్యే వేగాన్ని పెంచుతుంది. క్లోరైడు ధన ఫలకాన్ని తినివేస్తుంది. తీర ప్రాంతంలోని మంచినీటి ఊరిలో కొంతకాలం దాగే తప్పు ఇక్కడ త్వరగా బయటపడుతుంది.

కాబట్టి స్వేదనజలం తప్ప మరేదీ పోయరాదు. అంగళ్లలో ‘బ్యాటరీ నీళ్లు’ అని అడిగితే ఇచ్చేది అదే. నేడు ప్రతి ఊరిలోనూ నీటిశుద్ధి యంత్రాలు వెలిశాయి. ఆ డబ్బా నీళ్లు పోస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. ఆ నీటిలో కొంత లవణం మిగిలే ఉంటుంది. మనిషి నాలుకకు ఆ కొంత ఉంటేనే రుచి. మనిషికి మేలైన నీరు బ్యాటరీకి మేలైనది కాదు. కప్పు మీద నుంచి జారిన వాననీటిలో దుమ్ము, లోహపు తుప్పు ఉంటాయి.

ఎప్పుడు పోయాలన్నది కూడా తెలియాలి. చార్జి అయ్యేటప్పుడు ద్రవం వ్యాకోచిస్తుంది. ముందుగా అంచు దాకా నింపితే పొంగి ఆమ్లం బయటికి కారుతుంది. పూర్తిగా చార్జి అయిన తరువాత గుర్తు వరకు నింపడం సరియైన పద్ధతి. పలకలు ద్రవం నుంచి పైకి తేలి ఉంటే మాత్రం, అవి మునిగే మేరకు ముందే కొద్దిగా పోసి, చార్జి చేసి, ఆ తరువాత మిగిలినది నింపాలి. గాలి తగిలిన పలక భాగం తిరిగి కోలుకోవడం కష్టం. కొత్త బ్యాటరీకి మొదట్లో నీటి అవసరం తక్కువ. అయినా నెలకొకసారి చూడడం అలవాటు చేసుకోవాలి. బ్యాటరీ బలహీనపడినదని ఆమ్లం తెచ్చి పోసేవారు ఉన్నారు. అది మేలు కాదు. తరిగినది నీరే కాని ఆమ్లం కాదు. అదనంగా పోసిన ఆమ్లం హైడ్రోమీటరును మోసగించి, పలకలను కొరుకుతుంది.

ఎండ రెండవ శత్రువు. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. రేకుల షెడ్డులో అది మరింత ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. బ్యాటరీ ఆయువు అంతే నిష్పత్తిలో తరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర నాలుగేళ్లు మన్నవలసినది 35 దగ్గర రెండేళ్లకు పరిమితం కావచ్చు. అందుచేత బ్యాటరీని నీడలో, గాలి ఆడే చోట ఉంచాలి. వంటింటి గోడకు ఆనించరాదు. పగలంతా ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే చార్జికి పెట్టక, కొంత చల్లబడనిచ్చి, రాత్రివేళ పెట్టడం మంచిది. అయితే చల్లబడాలన్న సాకుతో మరునాటి దాకా వాయిదా వేయరాదు. పలక మీది పూత మన కోసం ఆగదు.

గాలి ఆడే చోటు అనడానికి మరొక కారణం ఉన్నది. చార్జింగు చివరి దశలో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం కలిస్తే నిప్పురవ్వతో మండుతుంది; మూసిన గదిలో పేలుతుంది. దేవుని గూటి కింద బ్యాటరీని ఉంచి, పైన దీపం వెలిగించే ఇళ్లు లేకపోలేదు. అది ప్రమాదకరం. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. తీగలు బిగించేటప్పుడు చేతి ఉంగరాన్ని, గాజులను తీసివేయాలి. లోహపు పానా రెండు ధ్రువాలనూ ఒకేసారి తాకితే ఎర్రగా కాలి చేతికి అంటుకొంటుంది. ఆమ్లం చర్మం మీద పడితే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలకు తగ్గకుండా కడుగుతూనే వైద్యుని వద్దకు వెళ్లాలి. ధ్రువాల మీద పేరుకొనే తెల్లని, ఆకుపచ్చని బూజును వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరబెట్టి, పెట్రోలియం జెల్లీ పూయడం పాత మెకానికుల పద్ధతి. అది నేటికీ మంచిదే. వంటసోడా నీరు గదుల లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచాలి.

వరుసగా కలిపిన బ్యాటరీలలో ఒకటి పాడయినపుడు దాని స్థానంలో కొత్తది ఒక్కటే పెట్టడం చౌకగా తోస్తుంది. కానీ పాతవి నిండకముందే కొత్తది నిండి మరుగుతుంది. కొత్తది ఇంకా నిండుగా ఉండగానే పాతవి ఖాళీ అవుతాయి. బలహీనుని నడక వేగమే ఆ వరుస మొత్తానికి వేగం. మరీ కొత్త జట్టులో తప్ప ఇటువంటి అతుకు నిలువదు.

నేడు లిథియం బ్యాటరీలు వచ్చాయి. వాటికి నీళ్లు అక్కరలేదు; బరువు తక్కువ; ఖరీదు ఎక్కువ. వాటి చార్జరు వేరు, నియమాలు వేరు. సీసపు బ్యాటరీకి చెప్పిన మాటలను వాటికి వర్తింపజేయరాదు.

ఎంత జాగ్రత్త పడినా ఏదో ఒకనాడు బ్యాటరీ ముగిసిపోతుంది. అప్పుడు ఆ పెట్టెలో మిగిలేది సీసం. సీసం విషం. ముఖ్యంగా చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2020లో యూనిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో సీసం ఆందోళనకరమైన స్థాయిలో ఉన్నది. పాత బ్యాటరీలను పెరళ్లలోనూ, వీధుల పక్కనా పగులగొట్టి కరిగించడం అందుకు ఒక ముఖ్య కారణం. మన దేశంలో 2001 నాటి నియమాల స్థానంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి. కొత్తది కొనేటప్పుడు పాతదానిని అదే దుకాణంలో ఇస్తే ధరలో తగ్గింపు లభిస్తుంది. కొద్ది రూపాయలు ఎక్కువ ఇస్తానని తిరిగే పాతసామాను వ్యాపారి దానిని ఎక్కడ పగులగొడతాడో, ఆమ్లాన్ని ఏ కాలువలో పారబోస్తాడో మనకు తెలియదు. ఫ్లోరైడుతో ఇప్పటికే బాధపడుతున్న నేలలోకి సీసాన్ని కూడా దింపితే, ఆ నీటిని తోడుకొనేది మన ఊరి బోర్లే.

అభ్యాసం

1. సీసపు బ్యాటరీ పనితీరును రచయిత రాతిపలకతో ఏ విధంగా పోల్చాడు? ఆ పోలిక ఎంతవరకు సరిపోతుందో మీ మాటలలో వ్రాయండి.

2. కొత్త బ్యాటరీ మొదటి రోజునే పూర్తి శక్తిని ఎందుకు ఇవ్వదు? ప్లాంటే ప్రయోగంతో సంబంధాన్ని తెలపండి.

3. పడమటి ప్రకాశంలో బ్యాటరీకి బోరు నీరు పోయడం ఎందుకు ఎక్కువ హానికరం?

4. మీ ఇంటిలో కరెంటు పోయినపుడు నడిచే పరికరాల వాట్లను కూడి, 12 వోల్టులు, 120 ఆంపియర్ గంటల బ్యాటరీని సగం వరకే వాడితే ఎన్ని గంటలు వస్తుందో లెక్క కట్టండి.

5. మీ వీధిలో పాత బ్యాటరీలు ఎక్కడికి పోతున్నాయో విచారించి, పదిహేను పంక్తులకు మించకుండా వ్రాయండి.